సెకండాఫ్

ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌ల బండ్ల స్టాండు నాది.
నాదంటే, టెండరు వేరేటోనిది,
టోకెన్ల డబ్బా నాది.
ఇంటర్వెల్ బెల్లు కొట్టినంక కొత్త బండి రాదు.
నా కుర్చీల వాచ్‌మెన్ పిలగాడు కూసుంటడు,
జహంగీర్ భాయి గేటుకాడ జర పక్కకు జరుగుతడు.
పందొమ్మిదేండ్ల సంది
నేను జూసినయన్నీ సగం సిన్మాలే.
వెనక సగం.

అడిగినవు గాబట్టి చెప్తున్న,
మొన్న శుక్రారం పడ్డది బాగనే ఉన్నది.
హీరో అప్పటికే గడ్డం పెంచిండు,
ఎందుకు పెంచిండో నాకెరుక లేదు.
ఒక ముసలామె గడపల రోజూ పాల పాకెట్ వెట్టిపోతడు,
ఆమె తలుపు తియ్యది.
గా తలుపు కాడనే నా పాణం గుంజింది.
ఫైట్లు మాత్రం ఎక్కువైనయి.
ఎగిరి పడ్డోడు మళ్ల లేవకపోతే
వాని బండి టోకెన్ ఎవరి జేబుల ఉన్నదోనని నాకు ఫికరు.

అంతకు ముందటి వారం దయ్యం సిన్మా.
దయ్యం మంచిదని తేలినంక నేను లోపలికి వోయిన.
ముందుగాల అందరు భయపడ్డరంట.
నేను జూసింది
ఒక ఆడపిల్ల చీకట్ల నిలవడి
తన కథ తాను చెప్పుకునుడే.
నాకు కండ్ల నీళ్లొచ్చినయి.
పక్క సీటోడు ఇంకా కుర్చీ పట్టుకొనే ఉన్నడు.

లవ్ స్టోరీ సంగతి నన్నడగకు.
నా లెక్కల ప్రేమంటే
అలిగిన ఇద్దరు మనుషులు
ప్లాట్‌ఫాం మీద ఎడంగ నిలవడుడు.
ఎట్ల కలిసిన్రో, ముందు ఎవరు నవ్విన్రో,
అదంతా నేను బండ్లు వరసల వెట్టేటప్పుడే అయిపోతది.
గోడ అవతలికెల్లి పాట ఇనొస్తది,
డప్పు ఒక్కటే, మాటలు రావు.

పేపరోళ్లు చుక్కలిస్తరంట సిన్మాకు.
నా తాన వేరే లెక్క.
సిన్మా పాడుదైతే అయిదు నిమిషాల్ల స్టాండు ఖాళీ,
హారన్ల మీద హారన్లు.
మంచిదైతే తాళం ఏడ వెట్టిన్రో మర్చిపోతరు.
మొన్న ఒకాయన
హెల్మెట్ వెట్టుకొని, మళ్ల తీసి,
టాంకు మీద చెయ్యేసి చానాసేపు కూసున్నడు.
నేను టోకెన్ అడగలే.

అండాలును నేను చేసుకునేటాళ్లకు
ఆమెకు ముప్పై నాలుగేండ్లు, ఏడేండ్ల కొడుకు.
నవ్వంగ నవ్వంగ నడుమ ఆగిపోతది.
వాన వడితే కిటికీ మూయనియ్యది.
ఒక నంబరు బస్సు ఎక్కది,
ఎంత ఎండైనా వెనకదాని కోసం ఆగుతది.
ఆ నంబరు నేను చెప్ప.
అడుగరాదే, అంటడు జహంగీర్.
ఏమని అడుగుత?
నేను వచ్చింది బెల్లు కొట్టినంక.

మొన్న ఐతారం టిఫిన్ తెచ్చి
డబ్బా నా చేతులకెల్లి గుంజుకున్నది.
"నేను జూస్త బండ్లు, నువ్వు మొదట్నించి చూడుపో."
అదే గడ్డపాయన సిన్మా.
పేర్లు వడుడు చూసిన, నున్నటి గదవ చూసిన.
ముసలామె తలుపు బార్ల తీసి
పిలిచి పిలిచి అన్నం వెడుతున్నది వానికి.
హాలంతా నవ్వుతున్నది.
నాకు మాత్రం చెమటలు వడుతున్నయి.
ఈళ్లకింకా తెల్వదు గదా.
బెల్లు కొట్టంగనే బయటికొచ్చిన.

"ఎట్లున్నది?"
"బాగున్నది. అన్నం తింటున్నరు."
"మిగతాది?"
"నువ్వు చూసి రా," అన్న.

పోయింది. వచ్చింది.
ఆఖరి బండి కూడ పోయినంక
ముషీరాబాద్ దిక్కు నడుస్తున్నం.
"సాగదీసిండు," అన్నది.
నాలుగడుగులు వోయినంక మళ్ల,
"ఆ ముసలామె ఒక్కసారన్న తలుపు తీస్తే ఏం వాయె?"

ఎందుకు తియ్యదో నాకిప్పుడు ఎరుకే.
చెప్పాల్నా, అన్న.
ఆగు, అన్నది, కొంగు సదురుకుంట.
వెనకకెల్లి ఆ నంబరు బస్సే వచ్చింది,
లోపల లైట్లేసుకొని, సగం ఖాళీగ.
ఇద్దరం పక్కకు జరిగి దారిచ్చినం.